ఒళ్ళు చెప్పని బరువు

…అయినా మంచుకి బరువుంటుందని ఎవరైనా ఎందుకు అనుకుంటారు; మంచు అంటే కోసిన వరి దుబ్బుల మీద తెల్లగా నిలబడి, ఎండ రాగానే ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయేది. "మంచులో తిరక్కే, రొంప పడుతుంది" అని అమ్మ తువ్వాలు తల చుట్టూ తిప్పి గడ్డం కింద ముడేసేది. ఆ ముడి గొంతు దగ్గర కొంచెం బిగుతుగా ఉండేది. మంచు వల్ల తన ఒంటికి తెలిసిన బిగుతు అదొక్కటే, అనుకుంది నూకరత్నం.

ఒంటినిండా తొడుగుతో చీకటి గదిలో కుర్చీకి ఆనుకుని ఉంది. భుజాల మీదికి ఏదో నెమ్మదిగా దిగుతోంది. దిగుతోందని కూడా కాదు, ముందునుంచే అక్కడ ఉన్నట్టుంది. గది చల్లగా ఉంది. హాయిగా ఉంది.

"మేడమ్, నిద్రపోతున్నారా?" చెవిలో హిమబిందు గొంతు. అద్దం అవతల గదిలో యంత్రాన్ని నడిపే టెక్నీషియన్ ఆమె.

"లేదు. కానివ్వు."

"అయిపోయింది మేడమ్. మంచు మొత్తం వేసేశాం. తెర మీద గీత కదల్లేదు."

"మొత్తమా?"

"ఆ హాలు కప్పు మీద పడే బరువంతా మీ మీదే ఉంది. మీరేమో గుర్రు పెట్టేలా ఉన్నారు."

"నువ్వెప్పుడైనా చూశావా, ఈ మంచు?"

"పేరు హిమబిందే గానీ మేడమ్, నేను చూసింది మా ఫ్రిజ్‌లో పేరుకునేదే. అట్లకాడతో గీకుతాను."

లైట్లు వెలిగాయి. సంస్థ డైరెక్టర్ వేదాద్రి లోపలికొచ్చాడు. ఆమె భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తొడుగులో ఉన్న మనిషిని ఎవరూ తాకకూడదన్న నియమం ఆయన పెట్టిందే.

"చాలా బాగుంది రత్నం గారూ. గాలి దగ్గర గీత ఎప్పటిలాగే నిటారుగా లేచింది. మంచు దగ్గర సున్నా. పాత పట్టికలు స్కూలు హాలు కట్టబోయే ఆ హిమాలయ లోయకి ఎంత మంచు రాశాయో తెలుసా? ఎవరో ఎప్పుడో భయపడి రాసిన అంకె. దాన్ని మొయ్యడానికి ఇన్నాళ్ళూ అక్కడివాళ్ళు ఇనుము కొనుక్కుంటూ కూర్చున్నారు. మీ ఒళ్ళు దాన్ని కొట్టిపారేసింది."

"నా ఒంటికి మంచు తెలీదేమోనండి."

"ఒంటికి తెలియనిదేమీ ఉండదు. మనకే తెలియదు."

ఆయన అలాగే మాట్లాడతాడు. భవన నిర్మాణ నియమాల కోడ్ పుస్తకంలోని పట్టికల ప్రకారం లెక్కకట్టి ఆయన సంతకం చేసిన తుఫాను షెల్టరు కప్పు, పట్టికలో లేని గాలికి లేచిపోయింది. అందులో జనం ఉన్నారు. ఆ తరవాత ఆయన అంకెల్ని నమ్మలేదు. సముద్రం వేడెక్కి, గాలి తన వేగాల పటంలోని రంగుల్ని ఖాతరు చెయ్యడం మానేసిన రోజులవి. ఈ ప్రాంతానికి ఇంత వేగం, దాన్ని కొండ ఉంటే ఇంత పెట్టి, ఎత్తు ఉంటే ఇంత పెట్టి గుణించుకుంటూ పోతే వచ్చిన అంకె, గాలి వచ్చి వెళ్ళాక చూస్తే తక్కువ తేలేది. అందుకని ఆయన ఇంకోచోట వెతికాడు. తుఫానులో కప్పు పోగా బతికి బయటపడ్డవాళ్ళని పోగేశాడు. వాళ్ళకి ఒక తొడుగు తొడిగి, కట్టబోయే భవనం మీద పడే గాలిని ఆ తొడుగులోంచి వాళ్ళ ఒంటిమీదికి పంపాడు. మనసుకి తెలియకముందే పక్కటెముకల కింద ఒక కండరం ముడుచుకుంటుంది. అది ఏ గాలి దగ్గర ముడుచుకుంటే అక్కడ తెర మీద గీత లేస్తుంది. భవనానికి ఆ గాలిని తట్టుకునే బలం ఇవ్వాలి. ఆయన కనిపెట్టింది ఇదే.

చాలామందిని చూశారు. కొందరు ఫ్యాను గాలికే ముడుచుకునేవారు. కొందరు కప్పు ఎగిరిపోయాక కూడా ముడుచుకునేవారు కాదు. నూకరత్నం అప్పటికే అక్కడ స్ట్రక్చరల్ ఇంజనీరు. తొడుగు కుట్లు సరిగా ఉన్నాయో లేదో చూద్దామని ఒక రోజు తనే తొడుక్కుంది. ఆమె ఒక్కతే ప్రతిసారీ ఒకే చోట ముడుచుకుంది.

చిన్నప్పుడు, ఆ తుఫాను రోజున, ఆమె మంచం కింద ఉంది. నాన్న దూలానికి వేలాడుతున్నాడు, తన బరువుతో కప్పుని కిందికి పట్టి ఉంచాలని. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి, పొట్ట వెన్నుకి అంటుకుపోయింది, ఆ తరవాతే కప్పు లేచింది. నాన్న దూలాన్ని వదిలాడో, దూలమే నాన్నని వదిలిందో ఆమె చూడలేదు. గాలి తోస్తుందని అందరూ అనుకుంటారు. గాలి పీకుతుందని ఆమెకి ఆ రోజే తెలిసింది. కాలేజీలో అదే మాటని సూత్రంగా బోర్డు మీద రాస్తే, ఆమె అరచేతులు చెమటతో తడిసి పెన్ను జారిపోయింది.

ఆమె భయంతో కట్టిన భవనాలు ఆ తరవాత వచ్చిన తుఫానులకి నిలిచాయి. దాంతో ఆమె భయమే కోడ్ అయింది. ముందు కోస్తాకి, తరవాత దేశానికంతటికీ. ఆమె గీత లేవని భారాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. "భయం లేని చోట ఇనుము దండగ," అనేవాడు వేదాద్రి. ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టారు కూడా.

*

సంస్థ ఆమెకిచ్చిన క్వార్టర్స్ భీమిలి కొండ మీద, సముద్రానికి ఎదురుగా. వెనక వరండాకి రేకు కప్పు. ఆ రేకు ఒక మూల వదులుగా ఉంటుంది. గాలి వేసినప్పుడల్లా లేచి పడుతుంది.

"లోకంలో కప్పులన్నిటికీ నువ్వే కొలబద్దవి," అంటాడు ఆమె భర్త జోగారావు. ఆయనది ఆటో స్పేర్ పార్టుల కొట్టు. "మనింటి రేకుకి నాలుగు బోల్టులు బిగించే దిక్కు లేదు. నా కొట్లో బోల్టులకి కరువేటి?"

బిగించకూడదని సంస్థ నిబంధన. ఆ చప్పుడు ఆమె భయానికి పదును. చప్పుడు లేని ఇంట్లో ఉంటే భయం మొద్దుబారుతుందని వేదాద్రి లెక్క. ఆమె ఇంజనీరు, తను పాస్ చెయ్యని కప్పు కింద కాపురం చేస్తోంది. మొదట్లో ఇది తలుచుకుంటే నవ్వొచ్చేది.

ఒకసారి కూతురు సునయన బలవంతం మీద ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. మంచం కింద ఏ వాసన వచ్చింది, చేతికి ఏం తగిలింది, అని అడిగేది. అలా వెళ్ళగా వెళ్ళగా ఒక సాయంత్రం గాలి వేస్తుంటే నూకరత్నం కిటికీ తీసి నిలబడింది. గాలి ముఖానికి తగిలింది. ఉప్పగా, తడిగా ఉంది. అంతే. అది గాలి, ఇంకేమీ కాదు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడి, లోపలికొచ్చి రెండు పూటల అన్నం ఒకేసారి తింది.

ఆ వారం తొడుగు వేసుకుంటే గీత ఆలస్యంగా లేచింది.

వేదాద్రి కోప్పడలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు బాగుపడితే ఎన్ని కప్పులు బలహీనపడతాయో ఒక్కసారి ఆలోచించండమ్మా," అన్నాడు. ఆమె ఆలోచించింది. ఆలోచించకుండా ఉండలేని మనిషి. వైద్యురాలి దగ్గరికి వెళ్ళడం మానేసింది. అద్దెకిచ్చిన ఇంటికి ఓనరు తిరిగొచ్చినట్టు భయం తిరిగొచ్చింది, ఏ సామాను ఎక్కడుందో దానికి తెలుసు.

సునయన కాకినాడలో చదువుకుంటోంది. సెలవులకి వచ్చేముందు ఫోన్ చేస్తుంది.

"అమ్మా, ఈ వారం గాలుందా?"

"లేదమ్మా, రా."

"నిజంగా లేదా, నేను రావాలని లేదంటున్నావా?"

పోయినసారి వచ్చినప్పుడు రేకు చప్పుడికి తల్లి వంటగదిలో గోడకి అతుక్కుపోయి నిలబడటం చూసింది ఆ పిల్ల. స్టవ్ మీద పొంగుతున్న పాలు దించి, తన బ్యాగు సర్దుకుంది.

*

ఎండాకాలం వెళ్ళాక లోయ నుంచి ఒకావిడ వచ్చింది. పేరు పద్మా ఆంగ్మో. హిమాలయాల్లో ఎక్కడో, చలికాలం దారులు మూసుకుపోయే ఊళ్ళో స్కూలు ప్రిన్సిపాల్. ఆ స్కూలు పిల్లలు పడుకునే హాలు కోసమే నూకరత్నం మంచు కింద కునికిపాట్లు పడింది. హాలు కట్టడం అయిపోయింది. ఆఖరిసారి తొడుగులో పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తే పిల్లలు అందులోకి మారతారు. ఆవిడ దానికోసమే కొండలు దిగి ఇంతదూరం వచ్చింది.

పరీక్ష మరుసటి వారం. అప్పటిదాకా ఆగలేక నూకరత్నాన్ని చూడ్డానికి ఇంటికే వచ్చింది. ఎండబెట్టిన ఆప్రికాట్లు ఒక గుడ్డసంచిలో తెచ్చింది. ఇద్దరికీ కలిసే భాష హిందీ ఒక్కటే. రత్నం హిందీలో ఆడామగా తేడా ఉండదు. జోగారావుని "ఇది నా భర్త, అంగట్లో కూర్చుంటుంది" అని పరిచయం చేసింది. ఆంగ్మో నవ్వు ఆపుకుంది. జోగారావు ఆపుకోలేదు.

"మా పాత హాలు చీకటిగా ఉంటుంది," అంది ఆంగ్మో. "మధ్యలో లావు స్తంభాలు. పిల్లలు రోజూ వాటికి తలలు కొట్టుకుంటారు. ఇది చూడండి." ఫోన్‌లో ఫొటో చూపించింది. వెలుగు నిండిన పొడుగాటి హాలు. పైన సన్నటి ఇనుప పట్టీలు, పెన్సిల్‌తో గీసినట్టు. "మా వైపు ఎవరూ ఇంత సన్నగా కట్టరు. మా నాన్న ఉంటే చూసి తల గోక్కునేవాడు. కానీ సముద్రపు గాలికే లెక్క చెప్పినావిడ చూశారంటే ఇంక మాకు దిగులేముంది?"

నూకరత్నం ఫొటోని దగ్గరికి తీసుకుంది. తల చెప్పింది, ఇవి సన్నగా ఉన్నాయి. కానీ తల చెప్పే మాటని ఆమె వినక చాలా కాలమైంది. పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. అక్కడ ఎవరూ లేనట్టుంది. నిద్రపోయే హాలు, తెల్లటి కొండలు, ఎర్రటి స్వెట్టర్లలో పిల్లలు. ఎంత వెతికినా భయం దొరకలేదు. దొరకకపోవడం ఆమెకి మొదటిసారి వింతగా అనిపించింది, రోజూ మొరిగే కుక్క ఒక రోజు మొరగకపోతే మెలకువ వచ్చినట్టు.

"తినండి," అంది ఆంగ్మో, సంచి ముందుకు జరుపుతూ. "మా చెట్టువే."

*

ఆ ఆదివారం నూకరత్నానికి జ్వరం తగిలింది. మధ్యాహ్నానికి చలి పట్టుకుంది. జోగారావు కొట్టు మూసి వచ్చి, పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి తెచ్చి కప్పాడు.

"ఇంకా చలేనా?"

"ఊఁ."

కాసేపటికి ఇంకొకటి కప్పాడు. "ఇప్పుడో?"

"ఊఁ."

అలా ఆయన గొంతు దూరమవుతూ దగ్గరవుతూ ఉంది. వెచ్చదనం వచ్చింది. ఏదో మంచి చెయ్యి వీపు మీద ఉన్నట్టుంది. ఎవరో తనని లోకం నుంచి పక్కకి పెట్టి మూత వేసినట్టుంది. గాలి చప్పుడు కూడా వినబడలేదు.

బయట గంట మోగింది. వంటగదిలోంచి జోగారావు కేకేశాడు. "గ్యాసతను కాబోలు. లేవగలవేటి? నా చేతులకి జావ పిండి."

లేద్దామనుకుంది. లేవలేదు. మళ్ళీ అనుకుంది. మోచెయ్యి కదల్లేదు. మోకాలు కదల్లేదు. ఊపిరి పూర్తిగా లోపలికి పోవడం లేదని అప్పుడు గమనించింది. చాలాసేపటి నుంచీ అర ఊపిరే తీసుకుంటోంది కాబోలు, ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది. భయం వేస్తుందేమోనని ఎదురుచూసింది. వెయ్యలేదు. ఒళ్ళు తియ్యగా, మత్తుగా పడుకుని ఉంది. తను మాత్రం దాని లోపల మేలుకుని ఉంది.

"ఏవండీ," అంది. గొంతు తనకే వినబడలేదు.

గ్యాసతన్ని పంపించి జోగారావు గదిలోకొచ్చి చూసి నవ్వాడు. "ఏటే ఈ అవతారం, ముక్కు తప్ప ఏం కనబడదు. ఇంట్లో బొంతలన్నీ నీమీదే ఉన్నాయి. సునయన పరుపు కూడా వేసేద్దామనుకున్నాను. నేను కప్పుతూనే ఉన్నాను, నువ్వు ఊఁ అంటూనే ఉన్నావు. ఒక్కసారైనా చాలన్నావా?"

"ఎప్పుడు బరువైందో తెలీలేదండి."

"తెలిస్తే చాలనేదానివి కదా."

ఆయన బొంతలన్నీ ఒక్కసారే లాగబోయాడు. "ఆగండి. ఒక్కొక్కటీ తియ్యండి," అంది.

ఒకటి తీశాడు. గుండెల మీద అంత బరువు ఉండేదని అప్పుడు తెలిసింది. రెండోది తీశాడు. అది ఇంకా బరువు. తీస్తున్నకొద్దీ, పోయిన బరువు ఎంతో ఒక్కొక్కటిగా తెలుస్తూ వచ్చింది. ఆఖరి బొంత తీసేసరికి ఆమె ఏడుస్తోంది. జోగారావు కంగారుపడి నుదురు పట్టుకు చూశాడు.

"జ్వరం తగ్గిందే."

"జ్వరం కాదండి." గాలి అరుస్తూ వస్తుంది, దాన్ని తన ఒళ్ళు ఆమడ దూరం నుంచే పట్టేస్తుంది. అరవకుండా వచ్చేదాన్ని, ఒకదాని మీద ఒకటిగా ప్రేమగా కప్పేదాన్ని, తన ఒళ్ళు దుప్పటి అనుకుంటుంది. రేకు బిగించొద్దన్నారు, ఊఁ అంది. వైద్యురాలిని మానమన్నారు, ఊఁ అంది. కూతురు బ్యాగు సర్దుకుంది. అప్పుడూ ఊఁ అనే అంది కదా. ఏ ఒక్కదాని దగ్గరా గీత లేవలేదు.

ఆ హాలు కప్పు మీద పడబోయేది కూడా ఇలాగే పడుతుంది. పిల్లలు నిద్రపోతుండగా, చప్పుడు లేకుండా.

*

"మీకు భయంగా ఉందా?" అన్నాడు వేదాద్రి.

"లేదండి."

"మరి?"

"భయం లేకపోవడమే నా ఇబ్బంది. మంచు నా ఒంటికి తెలీదు సార్. మంచు అని యంత్రం చెవిలో చెప్పగానే నా ఒళ్ళు మా ఊరి పొలాల్లోకి వెళ్ళిపోతోంది. మన భాషలో పొగమంచూ మంచే, పొద్దున్న గడ్డి మీద చుక్కా మంచే, అక్కడ వాళ్ళ కప్పు మీద పడేదీ మంచే. మీరు కొలిచింది ఆ చుక్కని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విన్నాడు. వినలేదని అనడానికి లేదు.

"నీ మాట కాదు రత్నం, నీ ఒళ్ళు చెప్పాలి," అన్నాడు. ఆయన ఆమెని ఏకవచనంలో పిలిచేది మనసు కష్టపడ్డప్పుడే. "నువ్వు చెప్పేదానికి యూనిట్ లేదు. మన పద్ధతి నిలబడిందే, మనిషి నోటిని పక్కన పెట్టడం మీద. నోరు అబద్ధం ఆడుతుంది. నేను ఆడాను, ఆ షెల్టరు భద్రంగా ఉందని."

"సున్నా అని కాకుండా తెలియదని రాయండి."

"రాస్తే? ఇవాళ మంచు తెలియదంటాం. రేపు ఎవడో గాలి మాత్రం ఆవిడకేం తెలుసంటాడు. జనం మళ్ళీ ఆ పట్టికల కిందికి వెళ్ళి పడుకుంటారు. కొలత తనని తాను శంకించకూడదమ్మా."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మెల్లిగా, బహుమతి ఇవ్వబోయేవాడిలా, "ఇంకో దారి ఉంది," అన్నాడు. "ఒంటికి నేర్పిద్దాం. గదిని ఇంకా చల్లబరుస్తాం. బరువు పెంచుతాం, ఊపిరి అందనిదాకా. ఒకటికి పదిసార్లు. ఒళ్ళు నేర్చుకుంటుంది. గాలి అలాగే కదా నేర్చుకుంది. అప్పుడు మంచు గీత కూడా లేస్తుంది."

"నేర్చుకున్నాక అది పోతుందా?"

సమాధానం ఆమె ఇంట్లోనే ఉంది, ఆ వదులు రేకు చప్పుడులో. ఆమెకి ఒక్క క్షణం దుప్పటి కప్పుకోలేని జీవితం కనబడింది. చలికాలం వస్తే జోగారావు చేతిలో బొంత చూసి గోడకి అతుక్కునే తను.

"దానికి కొన్ని నెలలు పడుతుంది," అంది. "పిల్లలు ఈ చలికాలమే వెళ్తున్నారు."

"ఈ చలికాలానికి సున్నా ఉంది కదా," అన్నాడు వేదాద్రి. ఆయన నిజంగానే ఆ సున్నాని నమ్మాడు. అదే భరించలేకపోయింది ఆమె. మోసగాడైతే ఎంత తేలిగ్గా ఉండేది.

*

పరీక్ష రోజు అద్దం అవతల కుర్చీలన్నీ నిండాయి. ఢిల్లీ నుంచి ఇద్దరు వచ్చారు. వేదాద్రి పక్కన ఆంగ్మో కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు.

హిమబిందు తొడుగు కట్లు బిగించింది. "ఇవాళ నిద్రపోకండి మేడమ్, ఢిల్లీవాళ్ళున్నారు."

చీకటి. గాలి వచ్చింది. పడమటి నుంచి, కొండ సందులోంచి. ఆమె ఒళ్ళు ఎప్పటిలాగే ముందే విని ముడుచుకుంది. గీత లేచింది. అవతల ఎవరో తలాడించి ఉంటారు. గాలి ఆగింది.

"మంచు," అంది యంత్రం, ఆమె మాతృభాషలో, మెత్తగా.

బరువు దిగడం మొదలైంది.

ఆమె ఒక ఉపాయంతో వచ్చింది. ఒళ్ళు తనంతట భయపడకపోతే తనే భయపెడుతుంది. కళ్ళు మూసుకుని ఆ తుఫాను రోజు మంచం కిందికి వెళ్ళింది. దూలాన్ని, నాన్న పాదాల్ని, గాలిలో ఊగుతున్న పాదాల్ని చూసింది. ఎప్పుడూ అటు చూడకుండా ఇన్నేళ్ళు గడిపింది. ఇప్పుడు కావాలని చూసింది. పొట్ట వెన్నుకి అంటుకుంది. కండరం రాయిలా బిగుసుకుంది.

"మేడమ్," హిమబిందు గొంతు, కాస్త తడబాటుగా, "గీత లేస్తోంది. కానీ యంత్రం దీన్ని గాలి అంటోంది. గాలి కింద వేసుకుంటోంది. మంచు గడిలో సున్నాయే ఉంది."

ఎక్కడికి పోయినా తన భయం తనకంటే ముందే అక్కడ ఉంటుంది. దానికి ఒకే ముఖం, యంత్రానికి ఆ ముఖం తెలుసు. ఒంటితో నిజం చెప్పడం తన వల్ల కాదు, ఒంటితో అబద్ధం చెప్పడం కూడా కాదు. నోటితో చెబితే లెక్కలోకి రాదు. నూకరత్నం ఊపిరి వదిలింది. నాన్న పాదాలు వెళ్ళిపోయాయి. భుజాల మీద బరువు పేరుకుంటూనే ఉంది. మళ్ళీ హాయిగా ఉంది, మళ్ళీ వెచ్చగా ఉంది, ఊఁ అంటే అయిపోతుంది.

"ఇంకొంచెమే మేడమ్. అయిపోతే సున్నా ఖాయం చేస్తాను."

పక్కటెముకల కింద తొడుగు కట్టు. దాన్ని ఎప్పుడూ వేరేవాళ్ళే వేసేవారు, వేరేవాళ్ళే తీసేవారు. బరువు కింద చెయ్యి అంత దూరం రావడానికే చాలాసేపు పట్టింది. వేళ్ళకి కొక్కెం దొరికింది. మధ్యలో విప్పిన మనిషిని మళ్ళీ కొలతగా తీసుకోరు. ఇప్పటిదాకా కట్టిన కప్పులు నిలిచే ఉంటాయి, వాటికి ఇక తను అక్కర్లేదు, కట్టబోయేవాటికి లెక్కలున్నాయి. తప్పులున్న లెక్కలు, సరిదిద్దగల లెక్కలు. వాటిని చేసుకునేందుకే కదా ఒకప్పుడు చదువుకుంది.

కొక్కెం తీసింది.

తొడుగులో గాలి ఒక్కసారిగా బుస్సుమంటూ పోయింది. లైట్లు వెలిగాయి. తెర మీద మంచు గడిలో సున్నా లేదు. అంకె లేదు, గీత లేదు, ఖాళీగా ఉంది. ఖాళీ గడి మీద ఏ సర్టిఫికెట్టూ రాదు.

"మేడమ్, ఏం చేశారు?" అంది హిమబిందు, మైకు ఆపడం మరిచిపోయి. ఢిల్లీవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వేదాద్రి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం, ఎగిరిపోయిన కప్పు కింద మళ్ళీ నిలబడ్డవాడిలా ఉంది. ఆయన్ని చూస్తే ఆమెకి జాలేసింది. అయినా ఆగలేదు.

తలుపు తీసుకుని అద్దం అవతలికి వచ్చింది. హిమబిందు బల్ల మీది పెన్సిలూ, ఒక తెల్ల కాగితమూ తీసుకుంది. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని ఆంగ్మో ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆంగ్మో కళ్ళలో ప్రశ్న ఉంది, కొంచెం బెదురు కూడా ఉంది. నూకరత్నం కాగితం మీద ఏటవాలు కప్పు ఒకటి గీసింది. మంచు అనబోయి, ఆ మాట వదిలేసి, ఆవిడ మాటనే తీసుకుంది.

"మీ ఊళ్ళో కప్పు మీద పడిన బరఫ్‌ని," అని అడిగింది, తన వంకర హిందీలో, "గాలి ఏ పక్కకి పోగేస్తుంది?"